కపితోలినా కిటికీలో డిపో టమాటా

కపితోలినా యెగోరొవ్నా ట్రాము నడిపే రోజుల్లో ఆమె బండికి గంట దండగని మా ఊళ్ళో అనుకునేవారు. పట్టాల మీద ఎవరైనా అడ్డంగా నిలబడితే ఆమె అద్దం దించి ఒక్క కేక వేసేది. ఆ కేకకి మనిషి తప్పుకోవడమే కాదు, అవతల కామా నదిలో చేపలు పట్టుకుంటున్న పడవలు కూడా బెదిరి ఒడ్డుకి వచ్చేసేవి. పడవల సంగతి జనం కాస్త కలిపి చెబుతారు. నిజానికి వచ్చింది ఒక్కటే పడవ.

పింఛను పుచ్చుకున్నాక ఆ గొంతు ఇంటికి చేరింది. ఇంట్లో దానికి దొరికినవాడు ఆమెని కాపా అని పిలిచే మొగుడు వెనియామిన్ ఒక్కడే. ఫ్యాక్టరీలో రేకులు కొట్టి కొట్టి అతనికి కుడిచెవి పోయింది. ఎడమచెవి అవసరాన్ని బట్టి పోతుంది. అందుకని ఏటా ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఆ గొంతంతా వంటగది కిటికీ గట్టు మీదున్న టమాటా నారు మీద పడేది.

ఆ నెలల్లో మా వీధిలో ఏ కిటికీలోనూ మనిషి మొహం కనపడదు. అన్నిట్లోనూ పెరుగు కప్పులు, అడ్డంగా కోసిన పాల డబ్బాలు, వాటిలో మొలకలే. బయట మోకాటి లోతు మంచు. నేల మెత్తబడేసరికి జూన్ వస్తుంది, ఆగస్టు ముగిసేలోగా మళ్ళీ చలి తలుపు తడుతుంది. నడుమ దొరికిన ఆ చారెడు ఎండలో టమాటా పండాలంటే దాని బాల్యమంతా మన వంటగదిలోనే గడవాలి. మా వాళ్ళు కన్నపిల్లల్ని గడ్డకట్టే చలిలో బడికి నడిపిస్తారు. నారుని మాత్రం దుప్పటి కప్పి టాక్సీలో తిప్పుతారు.

కపితోలినా నారు మామూలు నారు కాదు. ఆమె ట్రాము డిపోలో, వేడినీళ్ళ గొట్టం కారేచోట, రెండు పట్టాల మధ్య కంకరలో ఒక టమాటా మొక్క దానంతటదే మొలిచింది. ఎవరి అన్నం డబ్బాలోంచి పడ్డ గింజో ఏమో. డ్రైవర్లంతా దాని మీంచి ట్రాములు నడిపారు. అది వంగేది, బండి వెళ్ళాక లేచేది. తొలి మంచు పడ్డ రోజున కూడా దానికి ఎర్రటి కాయ ఉంది, పిడికిలంత. ఆ కాయ కోసి, గింజలు తీసి, ఆరబెట్టి తన తోటలో వేసుకుంది కపితోలినా. అప్పట్నుంచి ఏటా గింజ కట్టుకుంటూ వచ్చింది. దానికి ఆమె పెట్టుకున్న పేరు డిపో. ఆ కాయ కోస్తే వాసన మెట్ల మీంచి అయిదో అంతస్తు దాకా పోయేదని, పైవాళ్ళు ఆ వాసనతోనే రొట్టె తినేసేవారని ప్రతీతి.

ఆ గింజ ఆమె ఎవరికీ ఇవ్వలేదు. తోటల సంఘం అధ్యక్షుడు అడిగాడు, ఇవ్వలేదు. సొంత ఆడపడుచు కళ్ళనీళ్ళు పెట్టుకుంది, రుమాలు ఇచ్చింది గానీ గింజ ఇవ్వలేదు. "అందరి దగ్గరా ఉంటే ఇంక నాదేమిటి?" అనేది. దాంతో లోకం మొత్తం మీద డిపో టమాటా ఆమె చేతిలో తప్ప ఇంకెక్కడా లేకుండా పోయింది. కిందటి వేసవిలో వాన ఆగలేదు. తెగులు తగిలి కాయలన్నీ గోధుమరంగు తిరిగి చెట్టునే కుళ్ళాయి. గింజ కట్టడానికి ఒక్క కాయ మిగల్లేదు. బీరువా అడుగున అగ్గిపెట్టెలో చిటికెడు పాత గింజలు ఉన్నాయి. అంతే. అవి మొలిస్తే డిపో ఉంటుంది, లేకపోతే లేదు.

ఇంత గండం ముందు పెట్టుకుని కూడా ఆమె చేసిన పని ఏమిటంటే, తొందరపడి విత్తడం. ఇది మా వాళ్ళ పుట్టుజబ్బు. ప్రతి మే నెలలోనూ ఊరు ఊరంతా ఒట్టు పెట్టుకుంటుంది, వచ్చే ఏడు మార్చి సగమయ్యేదాకా గింజ ముట్టమని. ఫిబ్రవరిలో ఒక పొద్దున ఎండ వచ్చి కిటికీ అద్దాన్ని అలా తాకుతుంది. అంతే, ఒట్టు గాలికి పోతుంది. చంద్రుణ్ణి చూసి విత్తే రోజులు చెప్పే క్యాలెండరు ఆమె వంటగదిలో వేలాడుతూ ఉంటుంది. అందులో ఆ రోజు మంచిదని ఉంది. చంద్రుడు మంచివాడే, సూర్యుడే ఎగవేతగాడు. మా ఊరి మార్చి సూర్యుడు పైరవీతో ఉద్యోగం తెచ్చుకున్న గుమాస్తా లాంటివాడు. ఆలస్యంగా వస్తాడు, సంతకం పెడతాడు, కోటు కుర్చీకి తగిలించి మాయమైపోతాడు.

అగ్గిపెట్టెలో గింజలు చాలావరకు మొలవలేదు. మొలిచిన ఆ అరడజనూ వెలుగు కోసం మెడలు చాచి చాచి సేమ్యా పోగుల్లా సాగాయి. పైన రెండు ఆకులు, కింద జానెడు దారం.

"ఎక్కడికే మీ ప్రయాణం?" అని అరిచేది కపితోలినా. "పైన ఏముందని? పైన పియోదర్ గారి వంటిల్లు ఉంది. అక్కడికి పోయి సూప్ తాగుతారా? కాళ్ళు లేవు గానీ తలలు మాత్రం అటకెక్కాలి!"

కిటికీ కిందే వేడినీళ్ళ రేడియేటరు. ఊరందరికీ ఒకటే బాయిలరు. వేడి తగ్గించుకుందామంటే మన ఇంట్లో మీట ఉండదు. కింద కాల్తూ ఉంటుంది, అద్దం దగ్గర గడ్డకడుతూ ఉంటుంది. నారుకి కాళ్ళు నూనెలో, తల ఐసులో. ఆమె రేడియేటరుకి తడి దుప్పటి చుట్టింది. గదిలోకి వెలుగు తిప్పికొట్టడానికి మొక్కల వెనక మెరిసే రేకు కాగితం అంటించింది. వెనియామిన్ పుస్తకాలు చదువుకునే దీపం పీకి నారు మీద పెట్టింది. అతను అప్పట్నుంచి స్నానాలగదిలో చదువుకుంటున్నాడు.

ఒకరోజు మట్టిలో వేలు పెట్టి చూసి ఆమె ఆగిపోయింది.

"ఏమయ్యా, ఇది ఎందుకు తడిగా ఉంది?"

"దాహంగా ఉన్నట్టు కనిపించాయే."

"నీకు చెప్పాయా?"

"తలలు వేలాడేశాయి కదా. నేనలా తల వేలాడేస్తే నువ్వేం ఇస్తావు? టీ ఇస్తావు. అదే పోశాను."

"టీ పోశావా!"

"చక్కెర వెయ్యలేదులే కాపా. నాకు ఆ మాత్రం తెలీదా?"

ఆ కేకకి పై అంతస్తులో పియోదర్ గారి గోడ గడియారం ఆగిపోయింది. ఆయన దాన్ని ఇప్పటికీ బాగు చేయించలేదు, వచ్చినవాళ్ళకి చూపిస్తుంటారు. కపితోలినా వాళ్ళ పిల్లి జనరల్ కూడా తన వంతు సాయం తాను చేసింది. వెచ్చగా ఉందని ఒక డబ్బా మీద పడుకుని లేచింది. మొక్క పక్కకి వాలిపోయింది. దానికి ఐస్‌క్రీం పుల్లని కట్టుకర్రగా పెట్టి, పాత మేజోడు దారంతో కట్టింది కపితోలినా. ఒక్కోదాన్నీ కొత్త మట్టిలోకి మార్చి, కాడని మెడదాకా పాతింది. రోజూ వేలితో మెల్లగా తలలు నిమిరేది, కాడ గట్టిపడుతుందని. నోటితో మాత్రం బూతులు. చేతికీ నోటికీ అంత వైరం ఉన్న మనిషి ఆ జిల్లాలో ఇంకోరు లేరు.

ఏప్రిల్ వచ్చేసరికి అవి కాస్త మొక్కల్లా కనిపించాయి. అప్పుడే పక్కింటి ఎవెలీనా కార్లొవ్నా వచ్చింది.

ఆవిడ పిల్లలకి పియానో నేర్పి రిటైరయిన మనిషి. సన్నగా, తెల్లగా, ఇస్త్రీ పెట్టిన రుమాల్లా ఉంటుంది. ఇద్దరివీ పక్కపక్క బాల్కనీలు, మధ్యన రేకు గోడ. ఆవిడకి ఊరవతల తోట లేదు. మా ఊళ్ళో తోట లేని మనిషంటే చెప్పులు లేని మనిషికన్నా కిందే లెక్క. ఏటా ఆవిడ డిపో మొక్క ఒక్కటి ఇవ్వమని అడుగుతుంది, ఏటా కపితోలినా లేదంటుంది. ఎన్నేళ్ళయినా ఇద్దరూ 'మీరు' అన్న మాట దాటలేదు.

"ఎంత బావున్నాయండీ కపితోలినా యెగోరొవ్నా! మెడలు హంసల్లా ఉన్నాయి."

"హంసలు నా బొంద. ఏదో అరడజను దక్కాయి, మీ కళ్ళు పడకుండా కాస్త దూరంగా ఉండండి."

"ఒక్కటి, కపితోలినా యెగోరొవ్నా. బాల్కనీలో బాల్టీలో పెట్టుకుంటాను."

"కుదరదండీ. ఈ ఏడు అసలు కుదరదు. ఇవి ఉంటే ఉన్నట్టు, పోతే పోయినట్టు. బాల్టీలో బీట్‌రూట్ వేసుకోండి, మంచిది, రక్తం పడుతుంది."

ఇంతలో పొయ్యి మీద పాలు పొంగాయి. కపితోలినా అటు తిరిగి, గిన్నె దించి, పొయ్యిని తిట్టి, ఇటు చూసేసరికి ఎవెలీనా గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటోంది. "వెళ్ళొస్తానండీ, మీకు పని ఉంది" అంది. చెయ్యి కోటు జేబులోనే ఉంది.

చివరి డబ్బాలో మొక్కకి తల లేదని సాయంత్రం తెలిసింది.

"జనరల్!" అని మొదలెట్టి, వంగి చూసి, ఆగింది కపితోలినా. "కాదు. పిల్లి నమిలితే అంచు చింకిరిగా ఉంటుంది. ఇది గోటితో గిల్లింది. పియానో వాయించే గోరు!"

"పియానో వాయించేవాళ్ళు గోళ్ళు పెంచరే" అన్నాడు వెనియామిన్.

"అయితే పళ్ళతో కొరికింది!"

వెనియామిన్‌కి నవ్వు వచ్చింది, మింగాడు. మొక్కల విషయంలో మా దగ్గర ఒక ధర్మం ఉంది. అడిగి తెచ్చిన మొక్క ముభావంగా ఉంటుంది. ఎవరైనా ఇస్తే ధన్యవాదాలు చెప్పకూడదు. చెప్పావో, అలిగి చస్తుంది. దొంగిలించిన మొక్క మాత్రం విరగబడి పెరుగుతుంది. అందుకే మా ఊరి పెద్దమనుషులు ఎవరింటికైనా వెళ్తే ముందు కిటికీ గట్టు వైపు చూస్తారు. ఆ దొంగతనం నేరం కాదు, నిలదీయడమే తప్పు. నిలదీస్తే ఇద్దరి మొక్కలూ పోతాయంటారు. కాబట్టి కపితోలినా గొంతు మొట్టమొదటిసారి గొంతులోనే ఉండిపోయింది. అది లోపల తిరిగి తిరిగి ఆమెకి అజీర్తి చేసింది.

మర్నాటి నుంచి గోడ అవతల పియానో మొదలైంది. పొద్దున్నే మెత్తటి వాల్ట్జ్, సాయంత్రం ఇంకోటి.

"విన్నావా? నా మొక్క తల పెట్టుకుని దానికి జోల పాడుతోంది!" అంది కపితోలినా. "గ్లాసు నీళ్ళలో పెట్టి ఉంటుంది. వేళ్ళు వస్తాయనుకుంటోంది. రావు. నేను చెబుతున్నాను, రావు."

"వస్తే?"

"వస్తే ఏమిటి? టమాటాకి పాట కావాలా? గద్దింపు కావాలి!"

అని తన నారుకి ఎదురుగా కుర్చీ వేసుకు కూర్చుని ట్రాము స్టాపులు చదవడం మొదలెట్టింది. "తర్వాతి స్టాపు, రొట్టెల ఫ్యాక్టరీ! తలుపుల దగ్గర నిలబడొద్దు! ఆకులు లోపలికి!" మొక్కలు రెండు రోజుల్లో నిటారుగా నిలబడ్డాయి, టిక్కెట్టు లేని ప్రయాణికుల్లా. తల పోయిన మొక్క కూడా కణుపు దగ్గర చిన్న చిగురు తొడిగింది. ఇది కట్టుకథ కాదు. మెట్ల మీద అందరూ విన్నారు. పియోదర్ గారైతే అలవాటుగా స్టాపు రాగానే లేచి నిలబడేవారు.

మే సెలవులకి ఎండ కాసింది. భవనం భవనమంతా నారుని బాల్కనీల్లోకి తెచ్చింది, గాలికి ఎండకి అలవాటు పడాలని. అలవాటు చేయడానికి ఒక పద్ధతి ఉంది: మొదటి రోజు కాసేపు, మర్నాడు ఇంకాసేపు. కపితోలినాకి పద్ధతి తెలియక కాదు. రేకు గోడ సందులోంచి చూస్తే అవతల బాల్టీలో ఎవెలీనా మొక్క కనిపించింది. బొటనవేలంత కాడ, ముదురాకులు, వెడల్పుగా, కుదురుగా, పెళ్ళికూతురులా. ఇవతల తనవి చూసుకుంటే కరువులోంచి వచ్చినట్టున్నాయి.

"మీకు మాత్రం సిగ్గు లేదా?" అని నారుని అడిగి, అన్నిటినీ ఒకేసారి బయట పెట్టేసింది. ఆ మర్నాడు ఊరవతల తోటకి, అంటే దాచాకి, మొక్కల్ని వెచ్చగా ఉంచే గాజుపందిరి మీద పట్టా కప్పడానికి వెళ్ళాలి. రాత్రికి అక్కడే ఉండాలి. లోకల్ రైలెక్కేముందు మొగుడి ఎడమచెవి దగ్గర చెప్పింది.

"చెర్యోముఖా చెట్టు తెల్లగా పూసింది, చూశావా? అది పూసిందంటే చలి తిరగబడుతుంది. సాయంత్రం కాగానే నారు లోపలికి. విన్నావా?"

"విన్నానే."

"ఏమన్నాను?"

"నారు లోపలికి."

"ఎప్పుడు?"

"సాయంత్రం."

ఇంత పక్కాగా జరిగింది సంభాషణ.

ఆమె పొద్దున్న తిరిగొచ్చేసరికి రైలు కిటికీల బయట నేలంతా పంచదార చల్లినట్టు ఉంది. స్టేషను నుంచి ఇంటికి పరిగెత్తింది. దారిలో రెండు ట్రాములు దాటేసిందని చూసినవాళ్ళు చెబుతారు. వెనియామిన్ వంటగదిలో బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. బల్ల మీద డబ్బాలు వరసగా ఉన్నాయి. వాటిలో నారు ఉడికించిన పాలకూరలా నల్లగా, నీరుకారుతూ, అంచుల మీంచి వేలాడుతోంది.

"మూడో పీరియడ్ అవగానే తెద్దామనుకున్నానే" అన్నాడు. టీవీలో మంచు హాకీ పోటీలు ఆ రోజుల్లో.

"అవలేదా?"

"అయింది. సమానంగా ఉన్నారు. అదనపు సమయం పెట్టారు."

"తర్వాత?"

"పెనాల్టీలు."

"తర్వాత?"

"కళ్ళు మూతపడ్డాయే."

అరుస్తుందని పిల్లి మంచం కిందకి దూరింది. ఆమె అరవలేదు. కోటు విప్పకుండానే కూర్చుని ఒక్కో కాడా వేలితో నొక్కి చూసింది, ఎక్కడైనా పచ్చిదనం ఉందేమోనని. మొదలు దగ్గర కూడా మెత్తగా జారిపోయింది. అగ్గిపెట్టె తీసి తిరగేసి బల్ల మీద కొట్టింది. ధూళి రాలింది.

"బజారులో నారు అమ్ముతున్నారు కాపా. బోల్డు రకాలు. నేను వెళ్ళి..."

"బజారు నారు తెచ్చి నా పందిట్లో పెడతావా? పోయిన పిల్ల బదులు పక్కవీధి పిల్లని తెస్తావా?"

వెనియామిన్ పిల్లి తోక వైపు చూశాడు. తర్వాత గోడ వైపు చూశాడు. గోడ అవతల వాల్ట్జ్ మొదలైంది.

"డిపో పోలేదే" అన్నాడు మెల్లగా. "పక్కింట్లో ఉంది."

ఆ మాట అనవలసినవాడు అతను కాదు, కానీ నిజం అదే. కపితోలినాకి కోపం అటు పొంగాలో ఇటు పొంగాలో తెలియలేదు. దొంగముండ దగ్గర తన సొంత మొక్క! అడగడానికి మొహం లేదు, ఇన్నేళ్ళు ఒక్క ఆకు ఇచ్చిన పాపాన పోలేదు. పోనీ సిగ్గు చంపుకుని అడిగినా, అడిగి తెచ్చిన మొక్క ముభావంగా ఉంటుంది. ఇచ్చినందుకు నోరు జారి ధన్యవాదాలంటే చస్తుంది. మిగిలింది ఒక్కటే దారి.

"నేను జన్మలో దొంగతనం చెయ్యలేదు" అంది. "టిక్కెట్టు లేనివాళ్ళని చెవి పట్టుకుని దింపినదాన్ని."

"ఇది దొంగతనం కాదే. తోటపని."

కపితోలినా క్యాబేజీ పూర్ణం పెట్టిన రొట్టె ఒకటి కాల్చింది. మే నెల ఎండలో చలికాలపు కోటు తొడిగింది, దానికి జేబులు లోతు. పక్క తలుపు తట్టింది.

ఎవెలీనా తలుపు తీసి ముందు రొట్టె చూసింది, తర్వాత కోటు చూసింది. కనుబొమ్మ ఒక్కటే లేచింది.

"చలిగా ఉందాండీ కపితోలినా యెగోరొవ్నా?"

"ఎముకల్లో."

"పాపం. లోపలికి రండి."

మొక్క పియానో పక్కన, కిటికీ దగ్గర, బాల్టీలో ఉంది. రాత్రి చలికి లోపలికి తెచ్చి శాలువా చుట్టింది ఎవెలీనా. దగ్గర్నుంచి చూస్తే ఇంకా ఒళ్ళు మండింది కపితోలినాకి. అంత ఆరోగ్యం!

"మీరు కూర్చోండి, టీ పెట్టుకొస్తాను" అంది ఎవెలీనా. "మా కెటిల్ ముసలిది. నీళ్ళు మరగడానికి చాలా సేపు పడుతుంది. చా...లా సేపు. అప్పటిదాకా నేను అక్కడే ఉంటాను. పాడుకుంటూ ఉంటాను, మీకు వినబడేలా."

వంటగదిలోంచి పాట మొదలైంది. చెవిటివాడికి కూడా వినబడేంత గట్టిగా.

కపితోలినా లేచి మొక్క ముందు నిలబడింది. బాల్టీతో సహా ఎత్తుకుపోవచ్చు. ఆమె భుజాలకి అదో లెక్క కాదు. చెయ్యి వేసింది కూడా. శాలువా చేతికి తగిలింది. ఇది ఈవిడ పండగలకి కప్పుకునే శాలువా. తోటలేని మనిషి, ఒక్క బాల్టీ, ఒక్క మొక్క. చెయ్యి వెనక్కి తీసుకుంది.

తల గిల్లుదామని వంగింది. వంగగానే కళ్ళు తిరిగాయి. ప్రతి కణుపులోంచీ పక్కకొమ్మలు! ఒక్కటి గిల్లలేదు ఈ పియానో మనిషి! మొక్కని పొదలా వదిలేసింది! ఇలా వదిలితే బలమంతా కొమ్మలకే పోతుంది, కాయ ఎక్కడ నిలుస్తుంది? 'ఛీ ఛీ' అనుకుంటూ ఒకటి గిల్లింది. గిల్లితే కింద ఇంకోటి కనిపించింది. దాన్నీ గిల్లింది. చేతికి అలవాటు, ఆగలేదు. ఒక్క కొమ్మ దొంగిలించడానికి వచ్చిన మనిషి మొక్కంతా శుభ్రం చేసి, అడుగు ఆకులు తుంచి, వేలితో మట్టి గుల్ల చేసి, కాడని కర్రకి సరిగ్గా కట్టి మరీ నిలబడింది. కోటు రెండు జేబులూ నిండి టమాటా ఆకు వాసన కొడుతున్నాయి.

పాట ఆగింది. కాసేపు ఆగి, దగ్గు. ఇంకాసేపు ఆగి, అడుగుల చప్పుడు.

ఎవెలీనా టీ కప్పులు పట్టుకొచ్చింది. మొక్క వైపు చూసింది. జుట్టు కత్తిరించుకుని సైన్యానికి బయల్దేరిన కుర్రాడిలా ఉంది అది. ఆవిడ చక్కెర గిన్నె ముందుకి జరిపింది.

"ఎముకల్లో చలి తగ్గిందాండీ?"

"కొంచెం" అంది కపితోలినా. ఆమె గొంతులో ఒక మాట అడ్డంగా నిలబడింది. అది బయటికి వస్తే కొమ్మలన్నీ చస్తాయి. దాన్ని వెనక్కి తొయ్యడానికి రొట్టె ముక్క పెద్దది నోట్లో పెట్టుకుంది. తానే తెచ్చిన రొట్టె సగానికి పైగా తానే తినేసింది ఆ పూట. "పక్కకొమ్మలు గిల్లాలండీ ఎవెలీనా కార్లొవ్నా. వారం వారం గిల్లాలి. మీ మొక్క సంగతి కాదు, ఊరికే చెబుతున్నాను."

"ఊరికే చెప్పినా గుర్తుపెట్టుకుంటానండీ."

ఇంటికొచ్చి జేబులు గ్లాసుల్లోకి దులిపింది. కిటికీ గట్టు మీద మళ్ళీ తిట్ల కచేరీ మొదలైంది. "వేళ్ళు వెయ్యండి! ఎవరి కోసం చూస్తున్నారు? పియానో వస్తుందనుకున్నారా?" రెండు కొమ్మలు వడలిపోయాయి. పిల్లి ఒక గ్లాసులో నీళ్ళు తాగేసింది. తక్కినవి తెల్లటి వేళ్ళు మీసాల్లా దించాయి. వెనియామిన్ హాకీ మానేసి గ్లాసులకి కాపలా కూర్చున్నాడు, మాట్లాడకుండా, టీ కప్పు వాటికి అందనంత దూరంలో పెట్టుకుని.

జూన్‌లో మొదటి వెచ్చటి రోజున లోకల్ రైలెక్కారు. పెట్టెలో ఎక్కడ చూసినా నారు డబ్బాలే, మనుషులు వాటి సందుల్లో నిలబడతారు. చేతిలో డబ్బా పట్టుకున్న మనిషికి ముసలివాళ్ళయినా లేచి చోటిస్తారు. పక్క సీటు పెద్దాయన తొంగిచూసి, "ఏమిటమ్మా, ఇప్పుడు నాటుతున్నావా? ఇంత చిన్నవి? ఎప్పటికి కాస్తాయి, కొత్త సంవత్సరానికా?" అన్నాడు.

"మీ పళ్ళ సెట్టు సంగతి చూసుకోండి తాతగారూ. కాయ కొరకాలంటే అది కావాలి కదా" అంది కపితోలినా. పెట్టె పెట్టంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.

గాజుపందిట్లో గుంటలు తీసి, బూడిద చల్లి, నీళ్ళు పోసి నాటింది. నాటీ నాటగానే అన్నీ ఒక్కసారి నేలకి వాలిపోయాయి. నాటినప్పుడు వాలుతాయి, అది అందరికీ తెలిసిందే. ఆమెకీ తెలుసు. తెలిసి కూడా వాటి పక్కన పీట వేసుకుని గొడుగు పట్టుకుని కూర్చుంది.

"నాటకాలాడకండి. లేవండి. మీకోసం దొంగనయ్యాను. క్యాబేజీ రొట్టె కాల్చాను. ఇంకా ఏం చెయ్యాలి? లేవండి!"

"కాపా, రైలు టైమవుతోంది."

"పోనీ."

"రేపు పొద్దున్న దాకా ఇంకో రైలు లేదే."

"పోనీ అన్నానా!"

మర్నాడు పొద్దున్న ఆమె పందిరి తలుపు తీసేసరికి అన్నీ లేచి నిలబడి ఉన్నాయి, ఏమీ ఎరగనట్టు. ఆమెకి పట్టరాని కోపం వచ్చింది. "ఇదేదో నిన్ననే చేసి ఉంటే ఇంట్లో పడుకునేదాన్ని కదా!" అని అరిచింది. పక్క తోటలో కోళ్ళు గుడ్లు పెట్టేశాయి, పెట్టనివి కూడా.

జూన్ చివర్లో, తోట నుంచి వచ్చి మెట్లెక్కుతుంటే ఎవెలీనా చెత్తబుట్ట పట్టుకుని ఎదురైంది.

"తోటలో అంతా క్షేమమేనాండీ?"

"ఏం క్షేమం లెండి. నిలబడ్డాయి. మొండిఘటాలు."

"నాది పూత పట్టిందండీ" అంది ఎవెలీనా, చాలా మెల్లగా, క్షమాపణ చెబుతున్నట్టు.

"అప్పుడే?"

"రెండు గుత్తులు."

కపితోలినా తన తలుపు తీసి, లోపలికి వెళ్ళి, ఢామ్మని వేసుకుంది. ఎవెలీనా చెత్త పారబోసి పైకి వచ్చేసరికి ఆ తలుపు మళ్ళీ తెరుచుకుంది. కపితోలినా చేతిలో బూడిద డబ్బా, దారపుండ ఉన్నాయి.

"పదండి, చూస్తాను. పూతప్పుడు నీళ్ళు ఎక్కువ పోస్తున్నారా? పోస్తున్నారు, మీ మొహం చూస్తేనే తెలుస్తోంది. గుత్తుల్ని వేలితో తట్టాలి, తెలుసా? గాలి లేదు కదా మీ గదిలో. పొద్దున పూట తట్టాలి. ఏ పాట వాయిస్తున్నారో అది మాత్రం మార్చకండి."

"మీరు గుమ్మంలో నిలబడి నేర్పడం దేనికండీ, లోపలికి రండి."

"వస్తున్నాను కదా! అడ్డు తప్పుకుంటే వస్తాను! తలుపుల దగ్గర నిలబడొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?"